తూములో బొగ్గులు

ప్లంబింగ్ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, "బాబాయ్, మీరు చేసినవాటిలో బాగా కష్టమైన పని ఏది?" అని. ఏ మూడంతస్తుల లాడ్జీ గురించో, ఆస్పత్రి గురించో చెబుతానని వాళ్ల ఆశ. అవి కష్టమైన పనులు కావు. అక్కడ ఎదురుతిరిగితే గొట్టం ఒక్కటే ఎదురుతిరుగుతుంది, మనుషులు పక్కకు తప్పుకుని మన పని మనల్ని చేసుకోనిస్తారు. సామానంతా నేలకేసి కొట్టి ఈ పనే మానేద్దామా అనిపించింది మాత్రం తిరువూరులో ఒక ఇంటి వంటింటి తూము దగ్గర. డెబ్బైల్లో సంగతి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మండినా చెబుతాను, మీకెప్పుడైనా పనికొస్తుంది.

అప్పుడు నేను బస్టాండు దగ్గర ఒక పైపుల కొట్టులో ఫిట్టరును. షావుకారు సామాను అమ్మేవాడు, బిగించడానికి మమ్మల్ని పంపేవాడు. మేమంటే నేనూ, మా మేస్త్రీ. మేస్త్రి యాభై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని ప్రార్థన చేసేవాడు, మిగతా వారమంతా గొట్టాలను తిట్టేవాడు. చేతిపనిలో ఆయనకు సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. కాకపోతే ఒకసారి ఒక మాట అన్నాడంటే దాన్నుంచి ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ని కాబట్టి ఆయన ఏదంటే నాకూ అదే.

ఆ ఇల్లు ఇద్దరు అన్నదమ్ములది. గంపలగూడెం వైపు పొలాలున్న కుటుంబం. పిల్లల చదువుల కోసం తిరువూరులో ఇల్లు కట్టుకుని ఉమ్మడిగా ఉండేవాళ్లు. ఇల్లు కట్టిన రోజుల్లోనే మా మేస్త్రి వాళ్లకు మురుగు గొట్టం వేశాడు. మట్టి కాల్చి పింగాణీ పూత పూసిన గొట్టాలవి. పెద్దాయన ఉండే వైపు నేల ఎత్తు, చిన్నాయన వైపు పల్లం, ఆ పల్లం పక్కనే వీధి కాలవ. అందుకని పెద్దాయన వైపు వంటింటి తూము దగ్గర మొదలైన గొట్టం పెరడంతా అడ్డంగా దాటి, చివర్లో చిన్నాయన వైపు నీళ్లు కూడా కలుపుకుని వీధి కాలవలో పడేది. అప్పటికి వాటాలు లేవు. ఎవరి గొట్టం ఎవరి నేలలో ఉందన్న పట్టింపూ లేదు.

తర్వాత అన్నదమ్ములకు చెడింది. చాలాకాలం కొట్టుకుని, పెద్దమనుషుల్లో పెట్టి, ఒక వేసవిలో పంచుకున్నారు. ఇంటి నడుమ గోడ లేచింది. పెరట్లో కూడా గోడ కట్టే ఓపిక ఇద్దరికీ మిగల్లేదు కాబట్టి నట్టనడుమ ఒక హద్దురాయి పాతి ఊరుకున్నారు. వానలు తగ్గేనాటికి పెద్దాయన వంటింటి తూము నీళ్లు లాగడం మానేసింది. షావుకారు మమ్మల్ని పంపాడు.

మేం వెళ్లేసరికి పెరడు చూడాలి. అంట్లు తోమిన నీళ్లూ స్నానాల నీళ్లూ తూములోంచి వెనక్కి తన్ని మడుగు కట్టాయి. పట్టపగలే దోమలు. పెద్దాయన భార్యను పెద్దావిడ అందాం. ఆవిడ మాతో పని గురించి మాట్లాడకముందే కూతురి గురించి చెప్పింది. ఆ అమ్మాయిని రెడ్డిగూడెం ఇచ్చారు. నెలలు నిండుతున్నాయి, తొలి పురుడు. తీసుకురావడానికి మనిషిని పంపితే, అమ్మాయి అత్తగారు ముందు తానే వచ్చి ఇల్లు చూసిపోయిందట.

"ఆవిడ కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకుని ఇక్కడే నిలబడిందయ్యా. ఈ మురుగులోకి నిండు చూలాల్ని ఎట్టా పంపమంటారు వదినగారూ, పురుడు మేమే పోసుకుంటాం అంది. తొలి పురుడు కూడా పొయ్యలేని దాన్ని ఇంక నేను తల్లినేంటి? ఇది ఎప్పటికి బాగవుద్దో అది చెప్పండి ముందు" అంది.

"దాందేముందమ్మా, సాయంత్రానికి లాగేసుద్ది" అన్నాడు మేస్త్రి.

ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో. మీకిప్పుడు మోటారు పెట్టి తిప్పే స్ప్రింగులున్నాయి. గొట్టంలోకి కెమెరా పంపి కుర్చీలో కూర్చుని బొమ్మ చూస్తారు. మాకు పొడుగాటి వెదురు బద్దలు ఒకదానికొకటి కట్టి లోపలికి తోయడమే పద్ధతి. చేతికి తగిలే అదురును బట్టి లోపల ఏముందో ఊహించుకోవాలి. బద్ద కొంతదూరం పోయి ఆగింది. తిప్పి, పొడిచి, వెనక్కి లాగితే కొసన జిడ్డు మురుగు, అందులో బొగ్గు ముక్కలు. మళ్లీ తోశాం, మళ్లీ బొగ్గులే. మేస్త్రి ఒక ముక్కను వేళ్లతో నలిపి చూశాడు.

"అమ్మా, అంట్లు బూడిదతో తోముతున్నారా?"

"ఊళ్లో అందరూ దేంతో తోముతారు? బూడిదతోనే."

"పొయ్యిలో బూడిద బొగ్గులతో సహా ఎత్తి తోమేస్తున్నారు. అదంతా తూములోకి పోయి జిడ్డుతో కలిసి గట్టిపడింది. ఇంక గొట్టం మాత్రం ఏం చేసుద్ది?"

"నేను బూడిద గుడ్డలో వేసి జల్లించి వాడతానయ్యా. మా అత్తగారు నేర్పింది. బరక తగిల్తే ఇత్తడి గిన్నెలు గీతలు పడతయ్యి. బొగ్గు నా చేతిలోంచి తూములోకి పోదు."

ఆవిడ మాట ఎవరూ వినలేదు. పెద్దాయన పడక్కుర్చీలోంచి లేచి వచ్చి, "ఎన్నిసార్లు చెప్పాను నీకు" అని మొదలుపెట్టాడు. ఆయన అంతకుముందు ఒక్కసారి కూడా చెప్పి ఉండడు. ఆ ఇంట్లో తూము ఎక్కడుందో ఆయనకు ఆ వారమే తెలిసి ఉంటుంది. అయినా బొగ్గులు కళ్లముందు కనబడుతుంటే ఎవరు మాత్రం ఆవిడ పక్షం మాట్లాడతారు? నేనూ మేస్త్రి పక్కన తల ఊపుతూ నిలబడ్డాను.

సాయంత్రానికి లాగలేదు. మర్నాడూ లాగలేదు. కాగే నీళ్లు పోశాం, చాకలి సోడా పోశాం, బద్ద కొసన ఇనప కొక్కెం కట్టి కెలికాం. గొట్టం తాగినట్టే తాగి మళ్లీ మా కాళ్ల మీదికే కక్కింది. ఇరుగుపొరుగులో ప్రతివాడూ గొట్టాల పండితుడై కూర్చున్నాడు. ఒకాయన తూములోకి బతికున్న కొరమీనును వదలమన్నాడు, అది మురుగును తొలుచుకుంటూ పోయి దారి చేస్తుందట. వదల్లేదు గాని, ఇంకో రెండ్రోజులు పోతే వదిలేవాళ్లమేమో.

పెద్దావిడ అంట్లు గంపకెత్తుకుని వీధి చివరి కుళాయి దగ్గరికి పోయి తోముకునేది. బూడిద మానేసి కుంకుడు పిప్పి వాడేది. అయినా పెద్దాయన అన్నానికి కూర్చున్నప్పుడల్లా బొగ్గుల మాట ఎత్తేవాడు. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవాడు, "మా ఇంటావిడ చేసిన నిర్వాకం" అని. ఆవిడ జవాబు చెప్పడం మానేసింది. మేం సామాను సర్దుకునేటప్పుడు మాత్రం రోజూ ఒక్కటే అడిగేది, "రేపటికవుద్దా?" అని. ఆ ప్రశ్నకు భయపడి నేను పెరటి దోవన జారుకున్న రోజులున్నాయి.

పై నుంచి కాకపోతే కింది నుంచి పొడవాలి. అంటే చిన్నాయన పెరట్లోకి వెళ్లాలి. చిన్నాయన మమ్మల్ని గుమ్మంలోనే ఆపేశాడు.

"నా వాటాలో ఆయన మురుగేంటయ్యా? పంపకాల్లో గొట్టం మాట రాలేదే."

"మీ వంటింటి నీళ్లు కూడా అందులోంచేగా అండీ పోయేది" అన్నాను.

"నావి పోతున్నయ్యిగా."

షావుకారు స్వయంగా వచ్చి బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు. కానీ షరతు పెట్టాడు. తవ్వితే హద్దురాయి దాకానే తవ్వాలి, రాయి దగ్గర నేల మీద గునపం పడకూడదు. ఈ సంగతి తెలిసి పెద్దాయన తనవైపు నుంచి అదే షరతు పెట్టాడు. తమ్ముడికున్న పట్టుదల తనకు లేదనుకుంటారేమోనని తప్ప ఇంకో కారణం నాకు కనబడలేదు.

సరే, రెండు వైపులా రాయి దాకా తవ్వాం. మోకాటి లోతులో గొట్టం అటూ ఇటూ చెక్కుచెదరకుండా కనబడింది. పెద్దాయన వైపు జాయింటు విప్పితే నల్లటి నీళ్లు మొహాన చిమ్మాయి. చిన్నాయన వైపు విప్పితే లోపల ఎండిపోయి ఉంది. రాయి కింద మూరెడు నేల మాత్రం రెండు గోతుల నడుమ గట్టులా మిగిలింది. అడ్డం ఎక్కడుందో చంటిపిల్లకు కూడా తెలిసిపోతుంది. పెరట్లో ఉన్న పెద్దవాళ్లలో మాత్రం ఆ మాట పైకి అన్నవాడు లేడు.

చిన్నాయన భార్య మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. గోతికి అవతల పెద్దావిడ నిలబడి ఉంది. తోడికోడళ్లకు మాటల్లేవు. "అమ్మాయికి ఎన్నో నెలంట?" అని చిన్నావిడ నన్నడిగింది. నాలుగడుగుల అవతల ఉన్న మనిషిని అడగాల్సిన మాట గొట్టాలు బిగించేవాణ్ని అడిగింది. "తొమ్మిదో నెల వచ్చిందంటండి" అని చెప్పాను. అది విని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మేస్త్రికి ఓపిక పోయింది. "ఆ కరడు జారుకుంటా వచ్చి ఇక్కడ పట్టేసింది. రాయి పీకాలండి" అన్నాడు. పంపకాలైన దగ్గర్నుంచి ఒకరి మొహం ఒకరు చూడని అన్నదమ్ములు అప్పుడు మాత్రం ఒక్క గొంతుతో మాట్లాడారు. రాయి మీద చెయ్యి వేస్తే ఊరుకునేది లేదన్నారు. దాన్ని పాతించింది వాళ్ల మేనమామ. ఆయనే వచ్చి చెప్పాలి.

మేనమామది గంపలగూడెం దగ్గర పల్లె. చుట్టుపక్కల ఊళ్ల తగవులన్నీ తీర్చే పెద్దమనిషి. ఆయనకు కబురు పెడితే పత్తి తీతలన్నాడు. మళ్లీ పెడితే ఎవరిదో పెళ్లన్నాడు. ఈలోగా రెడ్డిగూడెం నుంచి కబురొచ్చింది, ఈ వారం దాటితే ఇంక అమ్మాయిని ప్రయాణం చేయించలేమని. ఆ కబురు విన్న పూట పెద్దావిడ మమ్మల్ని ఏమీ అడగలేదు. గోతి గట్టున కూర్చుని ఏడ్చింది. నాకు చేతులు కట్టేసినట్టయింది. గునపం నా చేతిలోనే ఉంది, గొట్టం నా కళ్లముందే ఉంది. ముట్టుకోవడానికి మాత్రం వీల్లేదు.

రెండ్రోజులకు మేనమామ దిగాడు. పడక్కుర్చీ తెచ్చి పెరట్లో వేశారు. అన్నదమ్ములు చెరో గోతి పక్కన నిలబడ్డారు. ఆయన తీరుబడిగా చుట్ట ముట్టించి, అసలు ఆ రాయి ఎంత గట్టి రాయో వివరించడం మొదలుపెట్టాడు.

"ఇది ఆషామాషీగా పాతింది కాదురా. మీ ఇద్దరి చేతా రాయి మీద చెయ్యి వేయించాను. కింద బొగ్గులూ పెంకులూ పోయించాను. రేపు ఎవడన్నా రాయి జరిపినా, నేల తవ్వితే బొగ్గే చెప్పుద్ది హద్దు ఎక్కడో. బొగ్గు చివికిపోయేది కాదు."

మా వైపు అది పాత అలవాటే. హద్దురాయి పాతినచోట అడుగున బొగ్గులు వేస్తారు. అంతవరకు మాకెవరికీ ఏమీ తట్టలేదు. ఆయన ఊరుకోకుండా ఇంకా చెప్పాడు.

"తవ్వుతుంటే అడుగున రాతిపలక తగిలింది. గునపంతో బద్దలు కొట్టించాను. దానికింద ఏదో బొరియ ఉన్నట్టుంది, పోసిన బొగ్గు పోసినట్టే మింగుతా ఉంది నేల. తెచ్చిన గంప చాలక కమ్మరి కొలిమి నుంచి మళ్లీ తెప్పించాం. నేలతల్లి అంత తీసుకుందంటే మంచిదే అన్నాను అప్పుడే."

మేస్త్రి నా మొహం చూశాడు. నేను మేస్త్రి మొహం చూశాను. తిరువూరు నేలలో గునపానికి రాయి తగలడం మామూలే, అందుకని ఆ రోజు ఎవరికీ అనుమానం రాలేదు. పంపకాల గొడవలో ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు, గొట్టంలో నీళ్లూ లేవు. ఆ పెద్దమనుషులందరూ చేరి గొట్టాన్ని పగలగొట్టి, అందులో గంపలకొద్దీ బొగ్గు కూరి, పైన రాయి నిలబెట్టి, అన్నదమ్ములిద్దరి చేతా ప్రమాణం చేయించారు. బొగ్గుల సందుల్లోంచి కొన్నాళ్లు నీళ్లు దిగాయి. పోనుపోను జిడ్డు పట్టి బిగుసుకుపోయింది. పాపం, నేల ఏమీ మింగలేదు, మింగిందంతా మా గొట్టమే.

పెద్దావిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. మేం గోతిలోంచి ఎత్తిపోసిన మురుగు కుప్ప దగ్గరికి వచ్చి, వంగి, గుప్పెడు బొగ్గులు ఏరింది. వాటిని తీసుకెళ్లి పెద్దాయన చేతిలో పెట్టింది.

"ఇయ్యి నా పొయ్యిలోయి కాదు" అంది.

పెద్దాయన చేతిలో బొగ్గులు చూసుకుని, "సర్లే, ఇప్పుడదంతా ఎందుకు" అన్నాడు. మేనమామకు హఠాత్తుగా చుట్ట ఆరిపోయింది. మేస్త్రి, "అమ్మా, అదీ..." అని గునపానికంటిన మట్టి తుడవడం మొదలుపెట్టాడు. నాకు వాళ్లందరి మీదా అసహ్యం వేసింది, వాళ్ల పక్కన నిలబడ్డ నా మీదా వేసింది. ఆవిడ ఇంకెవరి మాట కోసమూ ఆగలేదు. మా వైపు తిరిగి, "రాయి పీకండయ్యా" అంది. మేనమామ తల ఊపాడు.

తాడు కట్టి, గునపాలతో ఎత్తి, రాయి పీకాం. పగిలిన గొట్టంలోంచి చేతులతో తోడితే నల్లగా నిగనిగలాడుతూ బొగ్గులు వచ్చాయి. కొత్త ముక్క వేసి, జాయింట్లు తారు తాడుతో కూరి సిమెంటు పట్టించాం. అది ఆరాక పెద్దావిడ తూములో బిందె నీళ్లు పోసింది. గటగటా లాగేసింది. వీధిలో నిలబడ్డ నాకు కాలవలో నీళ్లు పడ్డ చప్పుడు వినబడింది.

పని అయిపోయిందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు రాయి మళ్లీ పాతాలి. ఉన్నచోటే పాతితే మళ్లీ గొట్టం మీదే పడుతుంది. హద్దు గీత మీదే కాస్త వెనక్కో ముందుకో జరిపి పాతండి, ఎవరి నేలా ఎవరికీ పోదు అన్నాడు మేస్త్రి. గీత ఏది? సాక్ష్యం చెప్పాల్సిన బొగ్గులను మేమే తోడి పారబోశాం. ఇంటి గోడ నుంచి తాడు పట్టమన్నారు. గోడకు ఈ అంచు నుంచి పట్టాలని అన్న, ఆ అంచు నుంచి పట్టాలని తమ్ముడు. తాడు పట్టిన ప్రతిసారీ రాయి జానెడు అటో ఇటో పోయింది. తాడు కొస నా చేతికే ఇచ్చారు. ఎండలో దాన్ని పట్టుకుని నిలబడి, వాళ్ల కేకలు వింటూ, నా బతుకును నేను తిట్టుకున్నాను.

చివరికి పెద్దావిడ గుమ్మంలోంచి, "ఆ జానెడు నేల మనకొద్దు. వాళ్లకే పోనియ్యండి. పిల్లని తీసుకురావాలి" అంది. బొగ్గులు చేతిలో పెట్టించుకున్న మనిషి కాబట్టి పెద్దాయన కాదనలేకపోయాడు. "సరే, జానెడు వాడికే పోనీ" అన్నాడు.

ఆ జానెడు నేల కోసమే అంతసేపు కొట్టుకున్న చిన్నాయన ఏమనాలి? "నాకు ఆయన దానం అక్కర్లేదు. ఆ జానెడు ఆయన్నే తీసుకోమనండి" అన్నాడు. నీ దానం నాకెందుకని పెద్దాయన లేచాడు. అంతదాకా నాది నాదని పోట్లాడినవాళ్లు ఇప్పుడు నీకే నీకే అని పోట్లాడుకున్నారు, అంతే కోపంగా. మేనమామ కాసేపు చూసి, కండువా దులుపుకుని, "మీరూ మీ రాయీ" అని గంపలగూడెం బస్సుకు వెళ్లిపోయాడు. మేం గోతులు పూడ్చి, రాయిని ఒక పక్కకు దొర్లించి ఇంటికి పోయాం.

దారిలో మేస్త్రి ఒక్కటే అన్నాడు, "ఆవిడ జల్లిస్తానని మొదటి రోజే చెప్పిందిరా." ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ఆయన గొట్టంలో బద్ద పెట్టేముందు ఆ ఇంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు చెప్పిందంతా వినేవాడు. కొన్ని ఇళ్లలో ఆ వినడానికే పూట గడిచిపోయేది. మీరూ వినండి.

అమ్మాయిని ఆ వారంలోనే తీసుకొచ్చారని తెలిసింది. ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్ల తర్వాత వాళ్ల కుళాయి కారుతోందంటే ఒక్కణ్నే వెళ్లాను. పెరట్లో పసిదానికి నీళ్లు పోస్తున్నారు. చిన్నావిడ పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకుని నలుగు పెడుతోంది. పెద్దావిడ పక్కన నిలబడి చెంబుతో నీళ్లు అందిస్తోంది. ఎవరు ముందు పలకరించారో నాకు తెలియదు, నేను అడగలేదు. నా కళ్లు వేరేచోట ఉన్నాయి. నూనె, సున్నిపిండి ముద్దలు ముద్దలుగా, నీళ్లతో కలిసి తిన్నగా మా తూములోకి పోతున్నాయి. పిండీ నూనే కలిస్తే గొట్టానికి ఎంత చేటో మీకు వేరే చెప్పక్కర్లేదు. అంత చాకిరీ చేసి నిలబెట్టిన గొట్టం, నా ప్రాణం ఉసూరుమంది.

"అమ్మా, ఆ పిండి తూములోకి పోనియ్యకండి. మళ్లీ పూడుకుపోద్ది" అన్నాను.

పెద్దావిడ తల ఎత్తలేదు. మనవరాలి మాడు మీద పోసే నీళ్లకు చెయ్యి అడ్డుపెట్టి, వేడి చూసుకుంటూ అంది.

"పూడుకుపోనీ నాయనా. ఈసారి నా వల్లేనని నేనే చెప్పుకుంటా."

నేను వెళ్లి కుళాయి పని చూసుకున్నాను.